బావ గాజుతొట్టె, నా నత్తలు

ముందే చెప్పేస్తున్నాను, నేను పెంచి చెప్పే మనిషిని. ఇంటికి పదిమంది వస్తున్నారని నేనంటే మా ఆవిడ మూడు గ్లాసుల టీ మాత్రమే పెడుతుంది, అదీ సరిపోతుంది. కాబట్టి ఈ కింద కనిపించే సైజులన్నీ మీకు తోచినంత తగ్గించుకోండి. పెంచడం వేరు, పుట్టించడం వేరు. ఇందులో పూర్తిగా పుట్టించిన ముక్క ఒక్కటే ఉంది. అదేదో చివర్లో నేనే ఒప్పుకుంటాను.

ఈమధ్య ఒక పెళ్ళిలో నా పక్కన కూర్చున్నాయన తన కష్టం చెప్పుకున్నాడు. ఇంట్లో గాజుతొట్టెలో ఉప్పునీళ్ళు పోసి పగడాలు పెంచుతున్నాడట. పెంకు కూడా లేని సముద్రపు నత్తలేవో చేరి వాటిని కొరుక్కు తింటున్నాయట. పగడం ఏ రంగో అవీ అదే రంగట, కంటికి దొరకవట. అందరూ అయ్యో అన్నారు. నేను మాత్రం, "గుడ్లు జిగురు గడ్డల్లాగా పెడతాయి కదూ?" అన్నాను. ఆయన లడ్డూ కిందపెట్టి, "మీకెలా తెలుసు?" అన్నాడు.

తెలియకేం? నాదీ అదే అనుభవం. కాకపోతే పగడాలు లేవు, సముద్రం లేదు. ఎనభైల మొదట్లో ఆదోనిలో, మా బావ బట్టల దుకాణంలో జరిగింది.

మాది ఎమ్మిగనూరు. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని పుట్టిన వంశం. మా అక్కను ఇచ్చిన బావ కూడా నేతవాడే గాని, తెలివిగలవాడు. మగ్గం దిగి ఆదోనిలో తువ్వాళ్ళు, దుప్పట్లు అమ్మే దుకాణం పెట్టాడు. దుకాణం ముందు భాగం, వెనక ఇల్లు. ఒకసారి బెంగళూరు పోయి ఒక గాజుతొట్టె తెచ్చాడు. అందులో రెండు నల్ల చేపలు, ఒక చారల చేప, ఇంకా రిబ్బన్లలాగా పొడుగ్గా పెరిగే పచ్చటి మొక్కలు. చేపలు ఎవరైనా పెంచుతారు, నీళ్ళలో తోట పెంచేది ఈ ఆదోనిలో తానొక్కడేనని బావ నమ్మకం. పత్తి అమ్మడానికి వచ్చిన రైతులు ఆ తోట చూడ్డానికి లోపలికి వచ్చి, మొహమాటానికి ఒక తువ్వాలు కొనుక్కుని పోయేవాళ్ళు.

బావ వాళ్ళమ్మను తీసుకుని కాశీయాత్ర బయలుదేరుతూ నన్ను పిలిపించాడు.

"సూడప్పా, దుకాణం నువ్వు సూసుకో. తొట్టెలో తోట నేను వచ్చేసరికి ఇట్లే ఉంటే, ఇంక నువ్వు మగ్గం దిగి ఈడే కూర్చో. తోట పోయిందో, ఎమ్మిగనూరు బస్సు నేనే ఎక్కిస్తా."

ఆ మాటకు నాకు కాళ్ళు నేలమీద నిలవలేదు. ఎందుకంటే ఆ దుకాణంలో గల్లాపెట్టె మీద ఒక ఫ్యాను ఉండేది. అలాంటిలాంటి ఫ్యాను కాదు. దాన్ని పూర్తిగా తిప్పితే తువ్వాళ్ళ కట్టలు లేచి హాలహర్వి దాకా పోతాయి. మగ్గం గుంటలో చెమటతో పంచె తడుపుకునేవాడికి ఆ ఫ్యాను కింద కుర్చీ అంటే ఇంద్రపదవి. దానికోసం నేను ఏ పనైనా చేస్తాను.

చేశాను కూడా. ఆ చేయడమే కొంప ముంచింది.

తోట ఉన్నట్టు ఉంటే చాలన్నాడు బావ. ఇంకొంచెం గుబురుగా ఉంటే మురిసిపోతాడు కదా అని నాకు తోచింది. ఎమ్మిగనూరు వెళ్ళినప్పుడు తుంగభద్ర కాలువలోకి దిగి ఇంత నాచుమొక్క పీకి, తడి తువ్వాలులో మూటకట్టి బస్సులో తెచ్చి తొట్టెలో నాటాను. తోట అడవి అయింది. నేను ఫ్యాను కింద కాలుమీద కాలేసుకుని కూర్చున్నాను.

కొన్నాళ్ళకు ఆకుల మీద తెల్లటి గడ్డలు కనిపించాయి. జిగురుగా, నిగనిగలాడుతూ. చూడగానే పోల్చుకున్నాను: గంజి! చేపలకు నేను రోజూ అన్నం మెతుకులు వేస్తున్నాను కదా, ఆ గంజే ఆకుకు పట్టి గడ్డకట్టిందనుకున్నాను. వేరేవాళ్ళయితే చూసి ఊరుకునేవాళ్ళు. నేతవాడు గంజి గడ్డను చూసి ఊరుకోలేడు. తెల్లారుజామున వీధిలో పడుగు సాచి గంజి పట్టించేటప్పుడు ఎక్కడ గడ్డ మిగిలితే అక్కడ పోగు తెగుతుంది. అందుకని కనిపించిన గడ్డనల్లా కుంచెతో దువ్వి సమంగా పరవాలి. మాకు అది పాలతో అబ్బిన పని.

దుకాణంలో దేవుడి పటం పక్కన బావ వాళ్ళ నాయన వాడిన కుంచె మేకుకు వేలాడుతుండేది. మగ్గం వదిలినా దానికి ఏటా ఆయుధపూజ చేసేవాళ్ళు. దాన్ని దించి, కడిగి, దండం పెట్టుకుని, మోచేతిదాకా తొట్టెలో చెయ్యిపెట్టి ఆకు ఆకునూ దువ్వాను. ఒక్క గడ్డ కూడా మిగలకుండా, ఈ మూల నుంచి ఆ మూలకు, అద్దాలకు కూడా, చక్కగా పరిచాను.

అవి గుడ్లని నాకెవరు చెప్పాలి? కాలువ నాచుతో బస్సు టికెట్ లేకుండా వచ్చిన నత్తలు పెట్టిన గుడ్లు. ఒక మూల పడి ఉండాల్సిన సంతానం చేత తొట్టెంతా కాపురం పెట్టించాను.

తర్వాత చూడాలి! మొదట ఆవగింజలు, తర్వాత మినుములు, ఆ తర్వాత మాటల్లేవు. చెవి ఆనిస్తే అవి ఆకులు నమిలే చప్పుడు వినిపించేది. రిబ్బన్ల వంటి ఆకులు జల్లెడలయ్యాయి. చారల చేప సిగ్గుతో మూలకు తిరిగి నిలబడింది.

పక్క టీ హోటల్ చాచా వచ్చి అద్దానికి ముక్కు ఆనించాడు. "అరే బేటా, చేపల దుకాణమా, నత్తల దుకాణమా ఇది? నమక్ ఏసేయ్ దోసెడు. ఖతం!"

"ఉప్పేస్తే మొక్కలు కూడా ఖతం అవుతాయి చాచా."

"ఆఁ, ఇప్పుడు మాత్రం శానా ఉన్నాయి మొక్కలు!"

దుప్పటి బేరం చేస్తున్న హాలహర్వి రైతు మధ్యలో అందుకున్నాడు. "పత్తికి కొట్టే మందు ఒక సుక్క ఏయన్నా. పురుగన్నది ఉండదు."

"మరి చేపలు?"

"చేపలూ ఉండవు. తొట్టె మాత్రం అద్దంలాగా ఉంటాది."

మంత్రాలయం నుంచి వచ్చిన అయ్యవారొకరు, ఏ ప్రాణినీ చంపవద్దని, అన్నిటినీ మళ్ళీ కాలువలో వదిలిరమ్మని సెలవిచ్చారు. ఎలా పట్టాలో మాత్రం చెప్పలేదు.

పట్టడమే కష్టం. పోగులు లాగే సన్నటి కొక్కెంతో ఒక్కొక్కదాన్నే తీశాను. ఒకటి తీసేసరికి దాని మనవలు పుట్టేవాళ్ళు. మా అక్క గడపలో నిలబడి చూసి, "ఈ ఓపిక మగ్గం మీద సూపించింటే ఈపాటికి ఊర్లో మేడ కట్టిందువు" అంది.

"అక్కా, నేనే ఏడుస్తాండాను, నువ్వు కూడా అనొద్దు."

"ఏడిస్తే ఏడువు, ముందు తిను" అని బొరుగుల ఉగ్గాని గిన్నె, దోసకాయ ముక్కలు గల్లాపెట్టె మీద పెట్టింది. తినబుద్ధి కాక ఒక ముక్క చేపలకేసి విసిరాను. చేపలు వాసన కూడా చూడలేదు. పొద్దున లేచి చూస్తే ఆ ముక్క కనిపించలేదు. దానిమీద నత్తలు తిరునాళ్ళ చేస్తున్నాయి. ముక్కను ఎత్తి చెంబులో జాడించాను. మళ్ళీ ముక్క వేశాను. మళ్ళీ తిరునాళ్ళ. ఇంట్లో దోసకాయ కూర మానేసి అన్నీ తొట్టెకే కోశాం. చెంబు నిండినప్పుడల్లా కాలువకు పంపడం సాధ్యమా? అయ్యవారు క్షమించాలి, చాచా కోళ్ళు బాగా బలిశాయి. గుడ్ల గడ్డలను గోటితో గీకి తీసేశాను. ఈసారి కుంచె జోలికి పోలేదు.

నత్తలు తగ్గాయి. తోట మాత్రం తిరిగి రాలేదు. అనుకున్నదానికన్నా పక్షం ముందే బావ వచ్చేశాడు.

కాశీ సంచి దించకుండానే తొట్టె దగ్గరికి పోయాడు. మొక్కలు మూడో నాలుగో మిగిలాయి, అవీ చిల్లులు పడిన బనీనులాగా. నాకు ఎమ్మిగనూరు బస్సు హారన్ చెవుల్లో మోగింది. బావ చాలాసేపు వంగి చూశాడు. మొహం ముడుచుకుంది.

"ఏమప్పా, నేతోని కొడుకువేనా నువ్వు?"

"బావా, అదీ..."

"గంజి ఇంత గడ్డ కడితే కంటికి ఆనలేదా? పోగైతే తెగిపోయిండదా?" అంటూనే చొక్కా చెయ్యి పైకి మడిచి, మేకునున్న కుంచె అందుకున్నాడు.

నా కన్ను తప్పించుకున్న ఆఖరి గడ్డ అది. ఆకు అడుగున ఉండింది.

"బావా, వద్దు!" అని కేకపెట్టి చెయ్యి పట్టుకున్నాను. అప్పటికే కుంచె ఒకసారి తిరిగింది. గడపలో అక్క కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. కొంగు నోట్లో కుక్కుకున్నా ఆగలేదు. "ఇద్దరూ... ఇద్దరూ ఒకటే!" అంటుంది, మళ్ళీ నవ్వుతుంది. నేను జరిగిందంతా చెప్పాను. బావ నీళ్ళు కారుతున్న కుంచెకేసి చూశాడు, నాకేసి చూశాడు.

"గుడ్లా ఇవి?"

"గుడ్లే బావా."

"నేను ఎంతమేర పరిచినా?"

"ఆ మూలంతా."

బావ కుంచెను తుడిచి, కళ్ళకద్దుకుని, మేకుకు తగిలించాడు. "సరే, కూర్చో. దోసకాయలు నేను తెస్తాలే" అన్నాడు. బస్సు మాట మళ్ళీ ఎత్తలేదు. ఎలా ఎత్తుతాడు?

ఇక ఒప్పుకోవాల్సిన ముక్క. మీరు కుంచె కథ అనుకుని ఉంటారు. అది నిజం. చాచా కోళ్ళు నిజం. నత్తల సైజుల సంగతి ముందే చెప్పాను.

ఫ్యాను అబద్ధం. ఆ దుకాణంలో ఫ్యాను లేదు, ఒక విసనకర్ర ఉండేది, దానికీ పిడి విరిగిపోయింది. గుంట మగ్గంలో కూర్చున్నవాడికి ఎదురుగా కనిపించేది గోడ. దుకాణం కుర్చీలో కూర్చుంటే ఎదురుగా తొట్టెలో ఆకుల మధ్య ఒక చారల చేప అటు పోయి ఇటు వచ్చేది. దానికోసమే ఊరు వదిలానని చెబితే మా అక్క ఇంకా నవ్వేది. అందుకే అప్పట్నుంచీ ఫ్యాను అని చెబుతూ వస్తున్నాను.