పురుగుకు లేని అంటు

ముట్టయిన ఆడవాళ్లు పట్టుపురుగుల గదిలో అడుగు పెడితే పురుగులు అలిగి గూడు కట్టవని మా అవ్వ నమ్మకం. బాగేపల్లి దగ్గర మా ఊళ్లో పురుగులు పెంచే ఇళ్లన్నిటా అదే మాట.

పురుగు పెరిగేటప్పుడు కొన్నిసార్లు మేత మాని, కదలకుండా పడుకుని పాత చర్మం విడుస్తుంది. దాన్ని మావాళ్లు జ్వరం అంటారు. అప్పుడు దాన్ని ఎవరూ కదిలించరు. ఒకసారి అవ్వను అడిగాను.

"పురుగు కూడా తోలు విడుస్తాది గదా అవ్వా. దానికి లేని అంటు నాకెందుకు?"

"అది మనిషి కాదు గదా పాపా," అంది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, నేను చింతామణిలో డిగ్రీ చదువుతూ సెలవులకు ఇంటికొచ్చాను. అమ్మానాన్నలు గౌరిబిదనూరుకు పెళ్లికి వెళ్లిన రోజే పురుగులు పండాయి. పండిన పురుగు ఒళ్లు పసుపుపచ్చగా తేటపడుతుంది. దాన్ని వెంటనే ఏరి, గూడు అల్లుకునే వెదురు చంద్రికల మీద వేయాలి. అవ్వకు కళ్లలో పొర. ఏది పండిందో తెలియడం లేదు. నేనేమో ముట్టులో ఉన్నాను.

మొదట ఒక తట్ట వసారాలోకి మోసుకొచ్చి నా ముందు పెట్టింది. ఏరడం మొదలుపెట్టానో లేదో ఊజీ ఈగలు వచ్చాయి. పురుగు మీద గుడ్డు పెట్టి చంపే ఈగలవి; గదికైతే వల కట్టి ఉంది. అవ్వ తట్ట ఎత్తుకుని గది గుమ్మం దగ్గర ఆగి నా వైపు తిరిగింది.

"లోపలికి రా."

"నేను బయటుండాను గదా అవ్వా."

"నాకు కండ్లు కనపడ్లే. నీకు కనపడ్తాండాయి. రా."

సాయంత్రం దాకా ఏరాం. నాన్న రాగానే అవ్వే చెప్పింది: "పాప ముట్టులోనే ఏరింది. నేనే రమ్మన్నా." నాన్న గదిలోకి ఒకసారి తొంగిచూసి కాళ్లు కడుక్కోవడానికి వెళ్లాడు. గూళ్లు బాగా వచ్చాయి. శిడ్లఘట్ట పట్టుగూళ్ల మార్కెట్లో మంచి ధర పలికాయి.

తర్వాత బెంగళూరులో ఎం.ఏ. చదివేటప్పుడు, స్త్రీవాదం పాఠంలో మేడం ఒక మాట చెప్పింది. మనిషి అంటే మగవాడే అనుకుని గీత గీశారని, ఆడదాన్నీ జంతువునూ కలిపి ఆ గీతకు అవతల పెట్టారని. మా ఇంట్లో అలా కూడా లేదన్నాను. పురుగు లోపల ఉంది, నేను బయట ఉన్నాను. పురుగు ఒంటికి జరిగేది జ్వరం, నా ఒంటికి జరిగేది మైల. రెండూ ఒళ్లు తనంతట తాను చేసే పనులే. మేడం ఇంకా చెప్పమంది.

ఆ ఏడాదే అవ్వకు చిక్కబళ్ళాపురంలో కంటి ఆపరేషన్ అయింది. చూపు వచ్చాక, నేను సెలవులకు ఇంటికొచ్చినప్పుడు, "ఇంగ నేనే ఏరుకుంటా. ఆ దినాల్లో నువ్వు బయటే ఉండు," అంది. నాకు కోపం కంటే దుఃఖమే ఎక్కువ కలిగింది. వినకుండా లోపలికే వెళ్లాను. అవ్వ కొన్నాళ్లు నాతో మాట్లాడలేదు. మరుసటి పంటకు అమ్మ కూడా ఆ రోజుల్లో ఎవరినీ అడగకుండా ఆకు గంప ఎత్తుకుని లోపలికి నడిచింది. అవ్వ చూసి, పక్కకు జరిగి దారి ఇచ్చింది.