క్వాంటం హాల్లో మామిడి పిందెలు

పెడన స్టేషనులో ఏడుంపావు పాసింజరు ఎక్కేలోపే మా అన్నయ్య ఖాజా రెండుసార్లు అలిగి ఇంటిదారి పట్టాడు. మొదటిసారి నేను మంచినీళ్ల సీసా మరిచిపోయానని. రెండోసారి ఆ సీసా తెచ్చానని; దారిలో కొనుక్కుంటే చల్లగా ఉండేదట. రెండుసార్లూ వెంటపడి వెనక్కి తెచ్చాను. పక్షవాతం వచ్చిన మనిషి అంత వేగంగా నడవగలడని ఆ రోజే తెలిసింది.

మేం పెడనలో కలంకారీ పనివాళ్లం. నేను టేకు చెక్క మీద అచ్చులు చెక్కుతాను. అన్నయ్య ఆ అచ్చుల్ని రంగులో ముంచి గుడ్డ మీద అద్దుతాడు. అద్దేవాడు అనాలి. ఏడాదిన్నర కిందట కుడి పక్క పడిపోయింది. కాలు తిరిగి వచ్చింది, చెయ్యి రాలేదు. అంతకుముందు ముప్పై ఏళ్లపాటు గుడ్డ మీద ఏ గీత పక్కకి పోయినా "నీ అచ్చే వంకర" అని నన్ను తిట్టినవాడు, జబ్బు చేశాక ఒక్కసారి కూడా తిట్టలేదు. "అచ్చు బాగానే ఉందిరా బాజీ, నా చెయ్యే పోయింది" అనేవాడు. ఇంట్లో అందరికీ ప్రాణం హాయిగా ఉండేది. నాకు మాత్రం భయంగా ఉండేది.

బందరులో ఒక ఆస్పత్రిలో ఫిజియోథెరపీ చేసే గ్రేస్ గారు మొదట రబ్బరు బంతి ఇచ్చి నొక్కమన్నారు. "నేనేమన్నా చంటిపిల్లాడినా?" అని ఆ బంతి తీసుకెళ్లి మనవరాలికి ఇచ్చేశాడు. అప్పుడు ఆవిడ నన్ను పిలిచి, లావు పిడి నుంచి సన్న పిడి దాకా ఆరు అచ్చులు చెక్కించారు. లావు పిడి మీద పట్టు కుదిరితే దానికంటే సన్నది చేతికిస్తారు. ఆస్పత్రిలో పాత సామాన్లు పడేసే గది ఒకటి అడిగి తీసుకుని, చెయ్యి పడిపోయిన మరో పదిమందికి కూడా ఆ పని నేర్పారు. ఎవరి పట్టు ఎంత పెరిగిందో వారం వారం కొలిచి రాసుకున్నారు. దాన్నే పరిశోధన అంటారని నాకు అప్పటిదాకా తెలియదు.

ఇంతలో ఆస్పత్రి సూపరింటెండెంటు గారు గది ఖాళీ చేయమన్నారు. ఆ పరిశోధన నలుగురు పెద్దల ముందు పెట్టి బాగుందనిపించుకుంటే ఆలోచిస్తామన్నారు. అందుకే ఈ ప్రయాణం. ఇబ్రహీంపట్నం దగ్గర ఒక ఇంజనీరింగు కాలేజీలో అన్ని శాస్త్రాలకూ కలిపి ఒకరోజు సదస్సు. గ్రేస్ గారు చదవాలి, అన్నయ్య అద్ది చూపించాలి, నేను సంచి మొయ్యాలి.

గ్రేస్ గారు బందరులోనే ఎక్కి మాకు సీట్లు ఆపారు. గుడ్లవల్లేరు దాటాక ఎదురుగా కూర్చున్న పెద్దమనిషి ఆవిడ ఒళ్లోని ఆహ్వానపత్రాన్ని తలకిందులుగానే చదివేశాడు. అందులో "పునరావాస ఆరోగ్యం" అని ఉంది.

"ఏ ప్రాజెక్టు కింద మునిగిందమ్మా మీ ఊరు?" అన్నాడు జాలిగా.

"మునగలేదండీ. ఇది పడిపోయిన చేతుల్నీ కాళ్లనీ మళ్లీ పనిలో పెట్టే పునరావాసం," అన్నారు గ్రేస్ గారు.

"అదేలెండి. స్థలం ఎన్ని సెంట్లిస్తన్నారు?"

ఆవిడ నోరు తెరిచేలోపే అన్నయ్య "మూడు" అన్నాడు. గుడివాడ వచ్చేసరికి పేర్లు రాయించుకోవడానికి పక్క పెట్టెలోంచి ఇద్దరు వచ్చారు. గ్రేస్ గారు వాళ్లకి భుజం వ్యాయామం నేర్పి పంపించారు. స్థలానికి అదేదో పరీక్ష అనుకున్నారేమో, శ్రద్ధగా నేర్చుకున్నారు.

తొమ్మిదిన్నరకి బెజవాడలో దిగాం. బయటికి వచ్చేచోట నా సంచి బరువు చూసి కానిస్టేబుల్ ఆపాడు.

"ఏంటయ్యా అందులో?"

"మామిడి పిందెలండీ," అన్నాను. అంచుకు వేసే ఆ అచ్చుని మేం అట్లాగే పిలుస్తాం.

"ఈ కాలంలో పిందెలెక్కడియ్యి?"

"మా ఊళ్లో ఏడాది పొడుగునా కాస్తయ్యండీ," అన్నాడు అన్నయ్య.

సంచి విప్పక తప్పలేదు. ఆయన ఒక అచ్చు తీసి, అటూ ఇటూ తిప్పి చూసి, "గవ్వలు వత్తుకోడానికి బాగుంటది" అని మమ్మల్ని వదిలేశాడు. తరతరాల కలంకారీని గవ్వల చెక్క అన్నాడని అన్నయ్య గవర్నర్‌పేట దాకా ఆటోలో ఉడికిపోతూనే ఉన్నాడు.

గవర్నర్‌పేటలో ఆగాలన్నది ఆయన పెట్టిన షరతు. అద్దకం గుడ్డలు వేయడానికి అక్కడి హోల్‌సేల్ కొట్లకి వచ్చినప్పుడల్లా ఒక చిన్న హోటల్లో నెయ్యి కారప్పొడి ఇడ్లీ తినేవాడు. మీరు వెళ్తే తొమ్మిదిలోపే వెళ్లండి, తర్వాత నిలబడటానికి కూడా చోటుండదు. ఎడమచేత్తో తినడం ఇష్టంలేక అన్నయ్య చెంచా అడిగి కుడిచేత్తో పట్టుకున్నాడు. గ్రేస్ గారు నోటుపుస్తకం తీసి "ఒక ఇడ్లీ, ఏడు నిమిషాలు" అని రాసుకున్నారు. అది చూసి అన్నయ్య, పరిశోధన సగంలో ఆగకూడదని ఇంకో ప్లేటు తెప్పించాడు.

బస్టాండుకి వెళ్లి ఇబ్రహీంపట్నం సిటీబస్సు పట్టుకునేసరికి పదింపావు. భవానీపురం, గొల్లపూడి దాటాక థర్మల్ స్టేషను పొగగొట్టాలు కనిపించాయి.

"ఆ క్వాంటం అనేది ఇక్కడే వండుతారా?" అన్నాడు అన్నయ్య. ఆహ్వానపత్రంలో అన్నిటికంటే పైన ఉన్న మాట అదే.

"ఇది కరెంటండీ. క్వాంటం కంప్యూటర్ వేరే. దాన్ని మంచుకంటే చల్లగా ఉంచాలంట."

"మరి బెజవాడలో ఎట్టా పెడతారమ్మా?"

వెనక సీట్లో ఇద్దరు నిజమేనన్నట్టు తలలూపారు.

కాలేజీ గుమ్మంలో పేర్లు చూస్తున్న లెక్చరరమ్మ మా కాగితం వెతికి, "మీది మూడో నంబరు హాలండీ, క్వాంటం కంప్యూటింగ్, బ్లాక్‌చైన్," అంది.

"మాది ఫిజియోథెరపీ అండీ," అన్నారు గ్రేస్ గారు.

"మీ పరిశోధన పేరులో చెక్క బ్లాకులు అని ఉంది కదండీ. బ్లాక్ అనేసరికి అందులో వేసేశారు. పునరావాసం హాల్లో ఇప్పుడు ఖాళీ లేదు. సర్దుకోండి మేడమ్."

సర్దుకున్నాం. హాలు బస్సులో చెప్పుకున్నంత చల్లగా ఉంది. నలభైమంది దాకా ఉన్నారు. మాకంటే ముందు కిరణ్ అనే సన్నటి లెక్చరరు మాట్లాడాడు. క్వాంటం కంప్యూటర్లో ఒకటీ, సున్నా రెండూ ఒకేసారి ఉంటాయట. మనం చూశామా, రెంటిలో ఒకటే మిగులుతుందట. అందుకని పని జరిగేటప్పుడు చూడకూడదట. అన్నయ్య ముందుకి వంగి మరీ విన్నాడు. నేను సంచి పట్టుకుని కాస్త కునుకు తీశాను.

పదకొండూ నలభైకి గ్రేస్ గారు లేచి చదివారు. అధ్యక్షుడి కుర్చీలో ఉన్న ప్రొఫెసరు కళ్లజోడు సవరించుకుని, "మొత్తం ఎన్ని బ్లాకులండీ?" అన్నారు.

"ఆరండీ."

"వాటిని కలిపే గొలుసు?"

"గొలుసు లేదండీ. సంచి ఉంది."

నేను సంచి ఎత్తి చూపించాను. ప్రొఫెసరు ఏదో రాసుకున్నారు.

ఇక అద్దాలి. బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, రంగు పళ్లెం పెట్టాను. అన్నయ్య సన్న పిడి అచ్చు తీసుకుని రంగులో ముంచి పైకెత్తాడు. హాలంతా మెడలు సాచింది. నాలుగైదు ఫోన్లు లేచాయి. ఆయన చెయ్యి గాల్లోనే వణకడం మొదలుపెట్టింది. అచ్చు దించేశాడు.

"బాజీ, పోదాం పదరా," అన్నాడు చిన్నగా. నా జీవితంలో ఆయన నన్ను బతిమాలింది అదొక్కసారే.

గ్రేస్ గారు దగ్గరికి వచ్చి, "మీకు వద్దంటే ఆపేద్దామండీ. ఏం పర్లేదు," అన్నారు. గది సంగతి ఎత్తలేదు. నాకైతే అదే కళ్లముందు తిరుగుతోంది.

అన్నయ్య ఆవిడ వంక చూశాడు. తర్వాత హాలు వంక చూశాడు. "వీళ్లందర్నీ అటు తిరగమనండి," అన్నాడు.

"అంటే?" అన్నారు ప్రొఫెసరు.

కిరణ్ లేచి నిలబడ్డాడు. "సర్, నేను ఇందాక చెప్పింది అదే కదండీ. చూస్తే చెడిపోతది."

ప్రొఫెసరుకి శాస్త్రం ప్రకారం కాదనడానికి ఏమీ దొరికినట్టు లేదు. ముందు ఆయనే కుర్చీ తిప్పుకున్నారు. నలభై కుర్చీలు కిర్రుమంటూ వెనక గోడ వైపు తిరిగాయి. నేను మాత్రం అక్కడే నిలబడ్డాను.

"నువ్వు కూడా," అన్నాడు అన్నయ్య.

గోడ వైపు తిరిగాను. ధబ్. చాలాసేపు ఏమీ లేదు. ధబ్. ఎవరో దగ్గారు. "తిరగమాకండి!" అని అరిచాడు అన్నయ్య. దగ్గినాయన సారీ చెప్పాడు. ధబ్. ఇంతమంది పెద్ద చదువులవాళ్లు గోడకేసి చూస్తూ, అచ్చు దెబ్బలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నారు. నాలుగు. ఐదు.

"ఆఁ, చూడండిక."

గుడ్డ మీద ఐదు మామిడి పిందెలు. మొదటి రెండూ తిన్నగా ఉన్నాయి. మూడోదానికి రంగు సగమే అంటింది. నాలుగూ ఐదూ మేడమెట్లు ఎక్కుతున్నట్టు పైకి పోయాయి. అన్నయ్య వంగి చూశాడు, అచ్చు తిరగేసి చూశాడు, తర్వాత నా వైపు తిరిగాడు. మైకు పక్కనే ఉంది.

"ఇదేం చెక్కుడురా? అడుగు సమానంగా లేదు. అచ్చే వంకర!"

నాకు ఏడుపు ఆగలేదు. అందరిలో తిట్టేసరికి అవమానపడ్డాననుకుని ప్రొఫెసరు వచ్చి నా భుజం తట్టారు. "బాధపడకండి. ఏ పరికరానికైనా కొంచెం ఎర్రర్ ఉంటది." గ్రేస్ గారు మాత్రం పుస్తకంలో గబగబా రాసుకుంటున్నారు. ఆవిడ కళ్లూ తడిగానే ఉన్నాయి.

భోజనాల దగ్గర గోంగూర పప్పు, పెరుగు వడ బాగున్నాయి. వంకాయ కూర వేసుకోకండి. మూడింటికి మా ముగ్గురికీ సర్టిఫికెట్లు ఇచ్చారు. "క్వాంటం కంప్యూటింగ్ విభాగంలో ఉత్తమ ప్రదర్శన" అని ఉంది. గ్రేస్ గారు అక్కడినుంచే ఆస్పత్రి సూపరింటెండెంటు గారికి ఫోన్ చేసి, ఉన్నది ఉన్నట్టు చదివి వినిపించారు. ఆయన ఇంకోసారి చదివించుకున్నారు.

"క్వాంటం కూడా చేస్తున్నారామ్మా మీ గదిలో?"

"చేతులకి సంబంధించిందేనండీ," అన్నారు ఆవిడ.

గది ఇంకో ఏడాది ఉంచుకోమన్నారు.

నాలుగున్నరకి బెజవాడ బస్టాండులో బందరు బస్సు ఎక్కాం. కంకిపాడు దాటేదాకా అన్నయ్య సర్టిఫికెట్టుని ఒళ్లో పెట్టుకుని, గాలికి మడత పడకుండా కాపలా కాశాడు. ఉయ్యూరులో జామకాయల బుట్టతో ఒకావిడ ఎక్కి ఆయన పక్కన కూర్చుంది. సర్టిఫికెట్టు చూసి ఎక్కడినుంచి వస్తున్నారని అడిగింది. అన్నయ్య సదస్సు గురించి, చల్లటి కంప్యూటరు గురించి, ఒకటీ సున్నా గురించి పామర్రు దాకా చెప్పాడు. నేనూ గ్రేస్ గారూ నిద్రపోతున్నట్టు నటించాం.

"ఇంతకీ ఆ కంప్యూటరు ఏం చేస్తదంట?" అంది ఆవిడ.

"ఇప్పటికైతే పెద్దగా ఏం చేయదంటమ్మా. ముందుముందు చాలా చేస్తదని వాళ్లందరికీ గట్టి నమ్మకం," అన్నాడు అన్నయ్య. కుడిచెయ్యి వంక చూసుకుని, "నా చెయ్యీ అంతే," అన్నాడు.

ఆవిడ అర్థమైందన్నట్టు తలూపి, బుట్టలోంచి దోర జామకాయ ఒకటి తీసి ఇచ్చింది. అన్నయ్య కుడిచెయ్యి చాపి అందుకున్నాడు. అది జారి సీటు కిందకి దొర్లింది. నేను వంగబోతే కళ్లురిమాడు. తనే వంగి, బస్సు రెండు మలుపులు తిరిగేదాకా వెతికి, అదే చేత్తో పట్టుకుని లేచాడు. చొక్కాకి తుడుచుకుని కొరికాడు.