చెమట భుజానికే

గ్రామసభలో నేను లేచి నిలబడితే చాలు, మైకు పక్కవాడి చేతికి పోతుంది. అందుకే ఇది రాస్తున్నాను.

మా మేనకోడలు బాస్కెట్‌బాల్ ఆడి జీతం తీసుకునే స్థాయికి ఎదిగింది. చండ్రుగొండ దగ్గర మా ఊరి బడి కోర్టులోనే ఆట నేర్చుకుంది. పంట రోజుల్లో ఆ సిమెంటు నేల మీద రైతులు మిరపకాయలు ఆరబోసేవాళ్లు. సాయంత్రం కాయలు ఎత్తగానే ఊడ్చుకుని ఆడేది. బంతికి కారం, చేతులకు కారం. ఒకసారి చేత్తో మొహం తుడుచుకుని మ్యాచంతా ఏడుస్తూనే ఆడింది. ఆ తర్వాత చెమట పడితే భుజానికే తుడుచుకునేది.

పెద్ద జట్టులో చేరాక టీవీలో చూశాను. నిగనిగలాడే చెక్క కోర్టులో కూడా మొహం భుజానికే రాసుకుంటోంది. ఫోన్ చేశాను.

"ఏంది బిడ్డా, ఆడ మిర్చి లేదు గదా?"

"నాకు ఎరుకనే మామా. చేతికి ఎరుక లేదు."

ఊళ్లో ఆమెకు సన్మానం చేసినప్పుడు నన్ను వేదిక మీదికి పిలవలేదు. ఆ సంగతి నేను మరిచిపోలేదు, కానీ ఇప్పటి గొడవ అది కాదు. షామియానాకు అడ్డమని ఆ రోజు కోర్టులో స్తంభానికున్న రింగు ఊడదీశారు. మళ్లీ పెట్టలేదు.

మోకాలు దెబ్బతిని ఆమె ఇప్పుడు ఆట మానేసింది. ఇక్కడి ఆడపిల్లలకు నేర్పుదామని వచ్చి, ఆ ఉత్త స్తంభాన్ని చూసి నవ్వింది.

"వీళ్లకు ఈ స్తంభం చుట్టూ కోలాటం నేర్పాల్నా మామా?"

ఖమ్మంలో కోచ్‌గా రమ్మంటున్నారట. రింగు లేకపోతే వెళ్లిపోతానంది.

సర్పంచ్ గారూ, ఆ రింగు ఎవరింట్లో ఉంది? ఎప్పుడు బిగిస్తారు? ఆమె బస్సెక్కేలోపు జవాబు చెప్పండి.