కాళ్ళక్షరం

తాతబ్బాయి నోరు మంచిది కాదు, చెయ్యి మాత్రం మంచిది. మా దీవుల్లోని డిగ్నాబాద్‌ పేటలో కాలితో తొక్కే పాత ప్రెస్సు ఆయనొక్కడి దగ్గరే మిగిలింది. సీసపు ఇంగ్లీషు అక్షరాలు రెండు రకాలుండేవి. ఒకటి మొండిది, గీతలన్నీ ఒకే లావు. బిల్లులకూ నోటీసులకూ అదే. రెండోదే అసలైన అందగత్తె. నిలువు గీత లావుగా దిగి, వంపులో సన్నబడి, కింద చిన్న పాదం మోపి నిలబడుతుంది. "ఆ పాదాల మీదే కన్ను నడుస్తాది. పుస్తకాలకి ఇదే వాడతారు మరి" అని ప్రెస్సులో పనిచేసే మాకు పాఠం చెప్పేవాడు. మేం దాన్ని కాళ్ళక్షరం అనేవాళ్ళం. పెళ్ళికార్డుకీ, పెద్దకర్మ కార్డుకీ తప్ప దాన్ని ముట్టనిచ్చేవాడు కాదు. చదువు రానివాళ్ళకు కూడా ఆ సంగతి తెలుసు.

సునామీ తరవాత కరెంటు లేక పెద్ద ప్రెస్సులు మూతపడ్డాయి. తప్పిపోయినవాళ్ళ కోసం అచ్చేసే లాపతా కాగితాలకు జనం తాతబ్బాయి దగ్గరికే వచ్చారు. పేరు, వయసు, ఊరు, అన్నీ మొండి అక్షరాల్లోనే. మళ్ళీ అడుగుతారని, పేర్చిన పేజీలను విప్పకుండా తాడు కట్టి వరసగా ఉంచాడు. మొదటిది ఆయన తమ్ముడు నూకన్నది. దక్షిణాన చివరి దీవిలో, క్యాంప్‌బెల్ బేలో చేపల వేట చేసుకునేవాడు. ఓడ వచ్చినప్పుడల్లా తాతబ్బాయి ఆ పేజీ మీద మరో పాతిక కాగితాలు తీసి జెట్టీకి పట్టుకుపోయేవాడు.

పదో రోజు చేపలమ్మే గవరమ్మ తన కొడుకు బంగారురాజు కోసం వచ్చింది. అప్పటికి మొండి అక్షరాలు నిండుకున్నాయి. తాతబ్బాయి కాళ్ళక్షరాలతోనే పేర్చి ఇచ్చేశాడు. బుర్రలేని పని, నేను ఎదటే ఉండి కూడా ఆపలేదు. గవరమ్మకు చదువు రాదు. కానీ మొగుడి కర్మ కార్డు ఆమె ఇంటి గోడకే ఉంది.

"మావోడికి పెళ్ళి గాదు గదా తమ్ముడా," అంది కాగితం చూస్తూ. "ఆఫీసోళ్ళు నీకు సెప్పీసినారేటి?"

"నేదప్పా. ఆ అచ్చరాలు ఖతం అయిపోనాయి. అంతే."

"నా కాడ దాయకు. దినం ఎప్పుడు సెయ్యాలో సెప్పు." కట్ట అక్కడే పడేసి గుమ్మంలో కూలబడింది.

ఎంత చెప్పినా వినలేదు. తాతబ్బాయి కట్టిన పేజీల వంక చూశాడు. ఒకటి విప్పితే గానీ అక్షరాలు రావు. ఎవరిది విప్పినా ఎవరో ఒకరి బిడ్డే. నూకన్న పేజీ బల్ల మీదికి లాగి తాడు కోసేశాడు. ఆ అక్షరాలే ఏరి బంగారురాజు పేరు పేర్చి, సిరా ఆరని కాగితం ఆమె చేతిలో పెట్టాడు.

"ఇదిగోనప్పా. మీవోడు లాపతాయే. ఎతుకు."

గవరమ్మ అక్షరాల అడుగున వేలు పెట్టి చూసుకుంది. పాదాలు లేవు. వంద కాగితాలూ అచ్చయ్యేదాకా కూడా ఆగకుండా, తీసినవి పట్టుకుని జెట్టీకి పరిగెత్తింది.

మధ్యాహ్నం అన్నం తెచ్చిన ఆయన భార్య తవిటమ్మ వరసకేసి చూసి, "నూకన్నదేదీ?" అంది.

"ఇప్పీసినాను."

"అదేటి? రేపు ఓడొస్తాది గదా."

"ఆడి శవాన్ని సూసినోళ్ళు మొదటి ఓడలోనే వొచ్చినారు తవిటీ. నాకు సెప్పినారు. నానే ఇన్నాళ్ళూ కాదనుకున్నాను," అన్నాడు తాతబ్బాయి. తవిటమ్మ ఏడుస్తున్నా ఆగకుండా, గవరమ్మకు ఇవ్వాల్సిన మిగతా కాగితాలు తొక్కుతూనే ఉన్నాడు.