పాలపిట్ట రంగు పడవ

మా బాపు బొగ్గుబాయి మీద ఫిట్టరు. పుట్టింది మాత్రం గోదావరి ఒడ్డున, చేపలు పట్టే ఇంట్లో. ఒక ఎండాకాలం పెద్దనాయన కొత్త పడవ కొనుక్కుని, పాత ఫైబర్ పడవను బాపుకు ఇచ్చేశాడు. అది ట్రాలీ ఆటోలో గోదావరిఖనిలోని మా క్వార్టరు ముందు దిగితే గల్లీ అంతా చూడటానికి వచ్చింది.

"ఏందన్నా, బొగ్గుబాయిల తిరుగుతదా గిది?" అన్నాడు పక్క క్వార్టరాయన.

"బాయిల నీళ్లూరినప్పుడు నువ్వే నా ఎనుక ఉరికొస్తవ్ తీ" అన్నాడు బాపు.

నలుగురు చేరితే నాకు లోపలికి పోవాలనిపిస్తుంది. కిటికీ వెనక నిలబడి చూశాను. నాయనమ్మ బయటకు వెళ్లి, బోర్లించిన పడవ వీపును గేదెను నిమిరినట్టు నిమిరింది. అప్పటికే ఆమెకు చూపు తగ్గుతోంది. కంటి లోపలి నరం ఎండిపోతోందని, దానికి మందు లేదని దవాఖానలో బాపుకు చెప్పారు. ఎన్నాళ్లు కనబడుతుందో మాత్రం చెప్పలేదు. ఇంట్లో ఆ మాట ఎవరం ఎత్తేవాళ్లం కాదు.

ఏ రంగు వేద్దామని బాపు అడిగితే ఆమె తడుముకోలేదు.

"పాలపిట్ట రంగు ఎయ్యిరా. దసరనాడు నీళ్ల మీద చూస్త."

దసరా నాడు పాలపిట్ట కంటపడితే మంచిదని మా వైపు నమ్మకం. నాయనమ్మ ప్రతి దసరాకూ కాలనీ దాటి, చేల గట్ల దాకా నడిచేది. చాలా ఏళ్లుగా పిట్ట కనబడలేదు. ఈసారి తానే ఒక పిట్టను చేయించుకుంటోంది.

బాపు ఆ ఆదివారమే పని మొదలుపెట్టాడు. బాయి మీద దేనికి రంగు వేయాలన్నా ముందు ఇనుము తుప్పు పట్టకుండా రెడాక్సైడ్ కొట్టాల్సిందే. మా గేటు, కిటికీ చువ్వలు, నీళ్ల డ్రమ్ము, నా పుస్తకాల ఇనుప ర్యాకు, అన్నింటి అడుగున ఆ ఎర్ర రంగే. పడవకూ అదే పట్టించాడు. దారినపోయే వాళ్లందరూ బాయి మనుషులే కాబట్టి, మంచిగ కొట్టినవని మెచ్చుకుని పోయారు. ఫైబర్ నున్నగా ఉంటుందని, ఆ నునుపు పోయేదాకా రుద్దకపోతే రంగు పట్టుకోదని మాలో ఎవరికీ తోచలేదు.

ఎర్రగా ఆరిన పడవను నాయనమ్మ ఎండకు చేయి అడ్డం పెట్టుకుని చూసి నవ్వింది.

"పాలపిట్ట కూసున్నది. కూసున్నప్పుడు అది మట్టి రంగే. రెక్క ఇప్పితేనే నీలం. ఎప్పుడు ఎగిరిస్తవ్రా?"

డ్యూటీలు సర్దుకోగానే నీలం వేస్తానన్నాడు బాపు. ఈలోగా మొదటి వాన పడింది. తెల్లారి చూస్తే ఎర్ర రంగు ఉల్లిపొరలా లేచి, పెచ్చులు పెచ్చులుగా మోరీలోకి కొట్టుకుపోతోంది. బాపు ఒక అంచు పట్టుకుని లాగాడు. మూరెడు పొర చేతిలోకి వచ్చింది. దాన్ని వేళ్ల మధ్య నలిపి చూశాడు.

"ఇనుమనుకున్న" అన్నాడు.

వానాకాలమంతా రుద్దడంతోనే పోయింది. రంగుల దుకాణంలో అడిగి, తడిపి రుద్దే గరుకు వాటర్ పేపర్ తెచ్చాడు. షిఫ్టు నుంచి వచ్చి, తెరిపి ఇచ్చినప్పుడల్లా కూర్చునేవాడు. ఆయన రుద్దుతుంటే నేను చెంబుతో నీళ్లు పోసేదాన్ని. మాట్లాడాల్సిన అవసరం లేని పని కాబట్టి నాకు బాగుండేది. నునుపు చచ్చి పడవ బూడిద రంగుకు తిరిగినా, ముసురుకు తడి ఆరేది కాదు. తడి ఆరిన రోజు ఓపెన్‌కాస్ట్ గని దుమ్ము వచ్చి కూర్చునేది. మళ్లీ కడగాలి. గడప మీద కూర్చున్న నాయనమ్మ మొదట్లో ఎక్కడిదాకా వచ్చిందని అడిగేది. తర్వాత తర్వాత అడగడం మానేసింది.

బతుకమ్మ పండుగ వచ్చింది. గునుగు, తంగేడు ముందేసుకుని పేర్చడానికి కూర్చున్న నాయనమ్మ ప్రతి పువ్వునూ వేళ్లతో తడిమి, వాసన చూసి పెడుతోంది. పక్కన కూర్చున్న అమ్మ నా వంక చూసింది. ఇద్దరం తలలు వంచుకుని పూల కాడలు తుంచాం.

ఆ వారంలోనే ఎండ కాసింది. దుకాణంలో పాలపిట్ట రంగు డబ్బా అంటూ ఉండదు. బాపు నీలంలో కొంచెం ఆకుపచ్చ కలిపి, పుల్లతో తిప్పి, నాయనమ్మ ముఖం ముందుకు తెచ్చాడు.

"గిదేనా అవ్వా? ఇంక ఆకుపచ్చ పడాల్నా?"

పప్పులో ఉప్పుకు కూడా మూడుసార్లు వంకపెట్టే మనిషి ఆమె.

"గదే. మస్తుగున్నది" అంది వెంటనే.

బాపు చేతిలో పుల్ల అలాగే ఉండిపోయింది. దాని కొసన రంగు చుక్క సాగి ఆయన లుంగీ మీద పడింది. తుడుచుకోలేదు. ఆమె గదే అంది కాబట్టి ఇంకేమీ కలపకుండా అదే వేశాడు.

దసరా నాడు పడవ గోదావరిలో దిగింది. పూలదండ వేసి, పసుపు బొట్టు పెట్టి, బాపు దాన్ని లోపలికి నడుపుకుంటూ పోయాడు. నీళ్లు బురద రంగులో ఉండటం వల్లనేమో, ఆ నీలం ఒడ్డున ఉన్నప్పటికంటే లోతుగా కనిపించింది. నాయనమ్మ నా భుజం పట్టుకుని తెడ్డు చప్పుడు వైపు ముఖం పెట్టింది. పడవ మలుపు తిరిగింది. ఆమె ముఖం మాత్రం ఇందాకటి వైపే ఉంది.

"ఎగిరిందా బిడ్డా?" అంది.

ఆ రంగు గురించి మనసులో ఎన్నో మాటలు పేర్చుకుని వచ్చాను.

"ఎగిరింది నాయనమ్మా" అని మాత్రం అన్నాను.

ఆమె పోయి చాలా కాలమైంది. బాపు ఆ వానాకాలం ఎంత గట్టిగా రుద్దాడో గానీ, పడవ మీద ఆ నీలం ఇప్పటికీ ఒక్క పెచ్చు లేవలేదు.