మావ పడవలో జెనరేటరుకి చోటు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. డిప్లొమా కొత్తగా చేతికొచ్చింది, పలాసలో జెనరేటర్లు బిగించే దుకాణంలో ఉద్యోగం దొరికింది, చొక్కా జేబులో టెస్టరు పెట్టుకుని తిరిగేవాణ్ని (పెళ్లిళ్లకి కూడా). జీడిపప్పు ఫ్యాక్టరీలో జెనరేటరు ఎక్కడ పెట్టాలో చెప్పడానికి పెద్ద ఆలోచన అక్కర్లేదు. వెనక గోడ వైపు వెళ్లి "ఇక్కడ" అని వేలు చూపిస్తే మనుషులు మోసుకొచ్చి దించేవారు. నేల కదలదు కదా. నేల కదలకుండా ఉండడం ఎంత సౌకర్యమో మా ఓడ మావ పడవ ఎక్కేదాకా నాకు తెలియలేదు.

ఓడ మావ అంటే మా అమ్మ తమ్ముడు. సరుకు ఓడల ఇంజిన్ గదుల్లో పనిచేసి రిటైరై, డొంకూరు దగ్గర ఇల్లు కట్టుకున్నాడు. మా వైపు రిటైరైనవాళ్లు కొబ్బరితోట కొంటారు. ఈయన పాత తెరచాప పడవ కొన్నాడు. లోపల ఒక గది, పడుకోవడానికి బల్ల, వంటకి ఓ మూల. అత్తని ఎక్కించుకుని తీరం వెంట గోపాల్‌పూర్, పూరీ, ఆ పైకి వెళ్లాలని కోరిక. సగం జీవితం ఆవిణ్ని ఒడ్డున వదిలి తిరిగిన మనిషి, ఎప్పటికైనా సముద్రం మీద తిప్పుతానని మాటిచ్చాడట. అయితే అత్తకి సుగర్. రోజూ ఇన్సులిన్ పొడుచుకోవాలి, అది చల్లగా ఉండాలి, దానికి ఫ్రిజ్, ఫ్రిజ్‌కి కరెంటు. అలా తిరిగి తిరిగి విషయం నా దగ్గరికొచ్చింది. "ఒరే అల్లుడూ, సిన్న డీజిల్ జెనరేటర్ తెప్పించీసేను. పడవలో ఎక్కడెట్టాలో నువ్వొచ్చి సెప్పు" అని మావ ఫోను చేశాడు.

టేపు, తెల్లకాగితాలు పట్టుకుని, టెస్టరు కూడా మరిచిపోకుండా, ఇచ్ఛాపురంలో రైలు దిగాను. నాతో మా అక్క భర్త, బావ, వచ్చాడు. ఆయనకి జెనరేటర్లతో పనిలేదు, అత్త చేసే చేపల పులుసు కోసం వచ్చాడు. ఉప్పుటేరులో కట్టేసి ఉన్న పడవంతా కొలిచి, "ముక్కులో పెడదాం మావా. పడుకునే బల్లకి దూరం, చప్పుడు వినబడదు" అని ప్రకటించాను. మావ ఒప్పుకోలేదు. "తోకలో ఎడదాం. పొగ ఎనక్కి పోతాది" అన్నాడు. ఇద్దరం కాగితాల మీద గీతలు గీస్తూ మధ్యాహ్నం దాకా వాదించుకున్నాం. అత్త మజ్జిగ తెచ్చిచ్చి, "అంత బరువు మోసుకెళ్లి దింపి, బాలేదని మళ్లీ మోత్తారేటి? ముందు అంత బరువున్నదేదైనా ఎట్టి సూడండి" అంది. మాటల మధ్య ముగ్గురి చూపులూ మెల్లిగా బావ మీదికి వెళ్లాయి. జెనరేటరుకీ ఆయనకీ బరువులో ఇంచుమించు తేడా లేదు.

"నానేటి సేసేను?" అన్నాడు బావ.

"ఏటీ సెయ్యక్కర్లేదు, కూకుంటే సాలు" అన్నాడు మావ.

నా మాట ప్రకారం బావని ముందు ముక్కులో, తాళ్లు పెట్టుకునే అరలోకి దించాం. పడవ ముక్కు మేతకి వంగిన బాతులా కిందికి దిగింది. అయినా నేను తగ్గలేదు, నడిచేటప్పుడు సర్దుకుంటుందన్నాను. మావ పడవని ఏరు సముద్రంలో కలిసే మొగ దాకా తీసుకెళ్లాడు. అక్కడ అలలు తగలగానే ముక్కు లేవడం, పడడం, లేవడం, పడడం. కాసేపటికి అరలోంచి బావ గొంతు నీరసంగా వినిపించింది. "ఒరే బామ్మర్దీ, మీ జెనరేటర్ కక్కుకుంతంది." నా వాదన అంతటితో ముగిసింది.

తరవాత తోక. అక్కడ బావ హాయిగానే కూర్చున్నాడు. చప్పుడు సంగతి కూడా తేలాలని అత్తని లోపల బల్ల మీద పడుకోమని, బావని జెనరేటరులా మోగమన్నాం (ఇది మాత్రం నా ఆలోచనే). ఆయన పాపం కళ్లు మూసుకుని "డబడబడబ" అంటూ చాలాసేపు మోగాడు. "నిద్దరొత్తందా అత్తా?" అని అడిగితే, "నిద్దరేటి నాయనా, నవ్వొత్తంది" అంది లోపల్నించి. మావ గెలిచాడు. మర్నాడు అసలు జెనరేటరు తెచ్చి తోకలోనే బిగించాం, పొగగొట్టం వెనక్కి పెట్టాం. అది డబడబలాడగానే ఫ్రిజ్‌లో దీపం వెలిగింది. అత్త ఇన్సులిన్ డబ్బా అందులో పెట్టి, పక్కనే బల్ల మీద నడుం వాల్చింది.

ఆ సాయంత్రం గాలి తిరిగింది. వెనక నుంచి వీచి, పొగనంతా గది తలుపులోంచి లోపలికి తోసింది. పైన కబుర్లలో ఉన్న మేము చూసుకోలేదు. గదిలోకి దిగే మెట్ల దగ్గర కూర్చున్న బావ ముక్కుకి ముందు తగిలింది. ఆ శరీరం అంత వేగంగా కదలడం నేను మళ్లీ ఎప్పుడూ చూడలేదు. లోపలికి దూకి, తలనొప్పితో తూలుతున్న అత్తని రెండు చేతులా ఎత్తి పైకి అందించాడు. ఒడ్డున గాలికి కూర్చోబెట్టి, ఊళ్లో డాక్టరుకి చూపిస్తే ఫర్వాలేదన్నాడు. ఇంటికొచ్చాక అత్త మామూలుగానే ఉంది. మావ మాత్రం, "నడి సముద్రంలో ఇలగయితే ఏటి సేద్దును? పడవ అమ్మెత్తాను" అన్నాడు.

"అమ్మితే నాను ఎందులో ఎల్తాను? ఇంకో సోటు సూడండి" అంది అత్త.

ఇంకో చోటు లేదన్నాను. నిజానికి ఉంది. నట్టనడుమ, మెట్ల కింద, పడవ ఇంజిను పక్కన. అక్కడ మావ పనిముట్ల బీరువా ఉండేది. ఏ ఓడ ఎక్కినా, ఏ దేశం వెళ్లినా ఒక్కొక్కటిగా కూడబెట్టుకున్న పానాలు, సుత్తులు. దాన్ని ముట్టుకోబోతే చూపుతోనే ఆపేసేవాడు. అందుకే ఆ చోటు పేరు ఎత్తే ధైర్యం చెయ్యలేదు.

పొద్దున్న సెలవు తీసుకుందామని పడవ దగ్గరికి వెళ్లేసరికి బీరువా ఇసకలో ఉంది. పనిముట్లన్నీ టార్పాలిన్ మీద పరిచి ఉన్నాయి. మావ మెట్ల కింద నడుం వంచి చెక్కలు ఊడదీస్తున్నాడు.

"ఏటి సేత్తన్నావు మావా?"

"సోటు సేత్తన్నాను. దా, ఇది పట్టుకో."

జెనరేటరుని నడుమకి దించాం. చుట్టూ ఫోము వేసిన పెట్టె బిగించాం. పొగగొట్టాన్ని బాగా ఎత్తు దాకా లేపి, సముద్రపు నీళ్లు ఎదురెక్కకుండా వంచి, పడవ పక్క నుంచి బయటికి తీశాం. లోపల పొగ చేరితే కూతపెట్టే యంత్రం ఒకటి తగిలించాం. గాలి అన్ని వైపుల నుంచీ తగిలేలా పడవని అటూ ఇటూ తిప్పి చూశాం, కూత రాలేదు. అప్పుడు అత్త లోపలికెళ్లి ఫ్రిజ్ తలుపు తీసి, "నిమ్మకాయ నీళ్లు సల్లగున్నాయి, తాగండి" అంది. అంత రుచిగల నీళ్లు నేను మళ్లీ తాగలేదు.

వాళ్లు గోపాల్‌పూర్ వెళ్లారు, ఆ తరవాత పూరీ. తిరిగొచ్చాక ఒకరోజు మావని అడిగాను, జీవితమంతా ఇంజిన్ల మధ్య గడిపినవాడివి, నన్నెందుకు పిలిచావని. "ఓడల్లో శానా ఏళ్లు ఒక్కణ్నే పని సేసేన్రా. మీ అత్త కోసం సేసే పని కూడా ఒక్కణ్నే సెయ్యాలనిపించలేదు" అన్నాడు.

అప్పుడు చిన్నబుచ్చుకున్నాను. నా తెలివి చూసి కాదా పిలిచింది అని. ఇప్పుడు టెక్కలిలో నాకు సొంత దుకాణం ఉంది, తెలివి చూసి పిలిచేవాళ్లకి కొదవ లేదు. పని అవగానే టీ ఇచ్చి పంపేస్తారు, నేనూ బేగి బండెక్కుతాను. ఎప్పుడైనా దారిలో ఆ ఉక్రోషం గుర్తొచ్చి, హెల్మెట్‌లో ఒక్కణ్నే నవ్వుకుంటాను.