రజియా మేడమ్‌తో ఆఖరి ఆట

సింగపూరు జురాంగ్ ఈస్ట్‌లో, తిండి దుకాణాలన్నీ ఒకేచోట ఉండే హాకర్ సెంటర్‌లో అడుగుపెట్టగానే ముందు కాఫీ గింజల మాడువాసన తగులుతుంది. తర్వాత ఖాళీ బల్లల మీద టిష్యూ పొట్లాలు కనబడతాయి. ఇక్కడ దాన్ని చోప్ చెయ్యడం అంటారు. పొట్లం పెట్టారంటే ఆ చోటు వాళ్ళదే, ఆకలితో నకనకలాడుతున్నవాడు కూడా అక్కడ కూర్చోడు. నిన్న అలాంటి ఒక పొట్లం ముందు ప్లేటు పట్టుకుని నిలబడిపోయాను. రజియా మేడమ్ గుర్తొచ్చారు.

ఇంటర్నెట్ కంపెనీలు పుట్టగొడుగుల్లా లేస్తున్న కాలమది. అలాంటి ఒక కంపెనీలో లెక్కలు చూస్తూ, సాయంత్రాలు ఒక ప్రైవేటు సంస్థలో అకౌంటింగ్ క్లాసుకి వెళ్ళేదాన్ని. పాఠం చెప్పేది హైదరాబాదు నుంచి వచ్చిన రజియా మేడమ్. క్లాసంతా ఇంగ్లీషులో నడిచేది, తెలుగు మా ఇద్దరికే. మొదటిరోజు పుస్తకం తెరవకుండా అందరినీ హాకర్ సెంటర్‌కి తీసుకెళ్ళి, నా చేత ఒక బల్ల మీద టిష్యూ పొట్లం పెట్టించారు.

“జాగా నీదైందా?”

“అయింది మేడమ్.”

“మరి తిన్నవా?”

“ఇంకా లేదు.”

“గంతే బేటా. కస్టమర్ అడ్వాన్సు ఇచ్చిండంటే జాగా పట్టుకున్నట్టే. నువ్వు పని చేసినంకనే అది ఆదాయం.”

తర్వాత క్లాసంతా నాటకమే. ఆమె బాసు, నేను అకౌంటెంటుని. అడ్వాన్సుని ఈ నెల ఆదాయంలో రాయమని ఆమె బల్ల గుద్ది అరుస్తారు, నేను కుదరదనాలి. ప్రతిసారీ నీరుగారిపోయి ఒప్పేసుకునేదాన్ని. “ఒక్కసారి కాదని చెప్పు, ఎందుకో చెప్పు, ఇగ నోరు మూసుకో. ముందు ఎవరు మాట్లాడితే వాళ్ళు ఓడినట్టు,” అనేవారు. ఆఫీసులో నిజంగానే ఆ రోజు వచ్చింది, మేనేజరు అడ్వాన్సుని ఆదాయంలో రాయమన్నాడు. ఉద్యోగంతోపాటు వీసా పోతుందేమోనని భయమేసినా, కాదన్నాను, నోరు మూసుకున్నాను. చివరికి మేనేజరే “సరేలే” అన్నాడు.

అంత మంచి క్లాసు పలచబడిపోయింది. అందరూ కంప్యూటర్ కోర్సులకి ఎగబడ్డారు. ఒక వాన సాయంత్రం నేనొక్కదాన్నే వెళ్ళాను. మేడమ్ చాలాసేపు కిటికీలోంచి చూసి, “ఇయ్యాల ఉల్టా ఆడుదమా?” అన్నారు. “నువ్వు డైరెక్టర్. నా క్లాసు బంద్ చేస్తనంటవు. నేను వద్దంట.”

నా సంబరం చూడాలి! కాలు మీద కాలేసుకుని ఆమె దగ్గర నేర్చిన అరుపులన్నీ అరిచాను. “ఆటలాడించడానికి జీతమా మేడమ్? మీ రోజులు అయిపోయాయి!”

“పిల్లలు భయం లేకుండ తప్పు చేసే జాగా ఇదొక్కటే సార్,” అని ఆమె ఊరుకున్నారు. నేనూ ఊరుకున్నాను. వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆమె పెదవులు కదిలాయి. “సరే సార్. మీ ఇష్టం.”

“ఓడిపోయారు మేడమ్!” అని చప్పట్లు కొట్టాను. ఆమె నవ్వి నా తల నిమిరి, “పాసైనవ్ బేటా,” అన్నారు.

మరుసటి వారం ఆ గదిలో వరసగా కంప్యూటర్లు ఉన్నాయి. రజియా మేడమ్ ఏరని ముందుగదిలో కూర్చునే చైనీస్ అమ్మాయిని అడిగాను. మా ఆట జరిగిన మర్నాడు పొద్దున్నే డైరెక్టర్ ఆమెని పిలిపించాడట. “నో ఫైట్ లా. ఓకే సర్ అని వెళ్ళిపోయింది,” అంది ఇక్కడి ఇంగ్లీషు యాసలో. ఆ పిలుపు సంగతి ముందే తెలిసి, నా దగ్గర అభ్యాసం చేసుకున్నారన్నమాట. ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. ఆ చప్పట్లు తలుచుకుంటే ఇప్పటికీ గుండె కలుక్కుమంటుంది. ఒక్కసారి ఆమెని గెలవనిచ్చి ఉంటే ఏమైనా మారేదో లేదో తెలియదు. కనీసం డైరెక్టర్ గదిలోకి గెలిచిన మనిషిగా వెళ్ళేవారు.

ఇప్పుడు నా కింద పనిచేసే పిల్లలతో నేనూ ఇవే ఆటలు ఆడిస్తాను. బాసు వేషం నాదే. బల్ల గుద్దుతాను, అరుస్తాను. ఎదుటి పిల్ల “కుదరదు మేడమ్” అని, ఎందుకో చెప్పి నోరు మూసుకుంటుంది. కాసేపు ఆగి, ముందు నేనే మాట్లాడతాను.